ఎనిమిదో ట్రాక్

2002 మార్చిలో మా క్యాసెట్ కంపెనీ నన్ను పాతబస్తీలోని దబీర్‌పురా స్టూడియోకి బదిలీ చేసింది. హోదా సీనియర్ రికార్డిస్ట్. టేప్ ఆపరేటర్, అసిస్టెంట్ రికార్డిస్ట్, రికార్డిస్ట్, సీనియర్ రికార్డిస్ట్ అని మా దగ్గర నాలుగు మెట్లుండేవి. ఆఖరి మెట్టు ఎక్కినవాణ్ని తీసుకెళ్ళి రైల్వే స్టేషన్ పక్కన రెండు గదుల స్టూడియోలో కూర్చోబెట్టారంటే దాని అర్థమేమిటో నాకు తెలియకపోలేదు. పెద్ద స్టూడియోలోకి కంప్యూటర్లు వచ్చాయి. అక్కడ అడ్డమైపోయిన టేపు మిషన్లను దబీర్‌పురాకి పంపారు, వాటితోపాటు నన్నూ పంపారు. నాకప్పుడు యాభై రెండేళ్ళు. ఒక్క పొరపాటు దొరికితే ఇంటికే పంపుతారన్న భయం ఆ ఏడాదంతా నన్ను వదల్లేదు.

అక్కడ ఎక్కువగా కవ్వాలీలు, బోనాల పాటలు, పెళ్ళిళ్ళలో వాయించే మర్ఫా బాజాలు రికార్డు చేసేవాళ్ళం. గోడలకి ఎంత గోనెపట్టా కొట్టినా రైలు చప్పుడు ఆగేది కాదు. అందుకని తలుపు లోపలివైపు రైళ్ళ వేళలు అతికించుకుని, రెండు రైళ్ళ మధ్య దొరికిన వ్యవధిలో టేకులు తీసేవాళ్ళం. మేనేజర్ హమీద్ సాబ్ మంచివాడే. కాని విడుదల తేదీ ఒకసారి నోటివెంట వచ్చిందంటే దాన్ని వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకి లేదు.

మాది గుంటూరు జిల్లా. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఛత్రినాకలో అద్దెకుండేవాళ్ళం. పద్దెనిమిదేళ్ళుగా మా ఇంటికి పాలు పోసేది నర్సింలు. నాలుగు బర్రెలు, ఒక సైకిల్, దానికి రెండువైపులా క్యాన్లు. మొదట్లో మా ఆవిడ అందరిలాగే పాలు పల్చగా ఉన్నాయని సణిగేది. రెండేళ్ళు పోయాక ఆ మాట మానేసి, ఊరెళ్ళినప్పుడు ఇంటి తాళంచెవి కూడా ఆయన దగ్గరే పెట్టేది.

నేను దబీర్‌పురా వెళ్ళిన కొత్తలో ఒక ఉదయం నర్సింలు పాలు కొలిచి పోసి, వెళ్ళకుండా గడపలో నిలబడ్డాడు.

"సార్, మావోడు డిగ్రీ సగంల ఇడిసిపెట్టిండు. పొద్దుందాక ఖాళీ క్యాన్ల మీద దరువేస్కుంట ఏందేందో మాట్లాడ్తడు. అడిగితే పాట అంటడు. అది పాటనో పిచ్చో నాకు సమజైతలేదు. జర మీరు చూడున్రి."

పద్దెనిమిదేళ్ళలో ఆయన నన్ను అడిగిన మొదటి సాయం అది. పంపించమన్నాను.

కొడుకు పేరు మల్లేశ్. ఇరవై రెండేళ్ళుంటాయి. వెంట సలీం అని దబీర్‌పురా స్నేహితుణ్ని తీసుకొచ్చాడు. సలీం మేనమామలది మర్ఫా బాజా. అతని బావ ఒకడు దుబాయి నుంచి పంపిన ర్యాప్ క్యాసెట్లు అరిగిపోయేదాకా విని, అలాంటిది మన గల్లీ మాటల్లో ఎందుకు ఉండకూడదని ఇద్దరూ పట్టుబట్టారు. సలీం దక్నీ ఉర్దూలో అంటాడు, మల్లేశ్ తెలుగులో అందుకుంటాడు. వెనక మర్ఫా, డప్పు, ఖాళీ పాల క్యాన్. రాగం లేదు, పల్లవి లేదు. తాళం మీద మాటలు, మాటల చివర ప్రాస.

నిజం చెప్పాలంటే నాకు నచ్చలేదు. గొంతు పరీక్షలు పెట్టి, ఉచ్చారణ సరిచేసి, శ్రుతి కలవనివాణ్ని వెనక్కి పంపిన చెవులు నావి. ఇది పాట కాదు, తగువు అని హమీద్ సాబ్‌తో అన్నాను. ఆయన నవ్వి, తగువైతే ఇంకా బాగా అమ్ముడుపోతుంది, బోనాల ముందు బజార్లోకి రావాలి అన్నాడు. ఎనిమిది పాటల క్యాసెట్. పేరు వాళ్ళే పెట్టుకున్నారు, 'నల్లా టైమ్' అని. నల్లా అంటే కుళాయి, పాతబస్తీలో రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే గంట అది. గల్లీ అంతా బిందెలతో బయటికొచ్చి కొట్లాడుకునేది, కబుర్లు చెప్పుకునేది, సంబంధాలు కుదుర్చుకునేది కూడా ఆ గంటలోనే. వారం తిరిగేసరికి నేను టిఫిన్ తింటూ బల్లమీద వాళ్ళ దరువు వేస్తుంటే మా ఆవిడ వింతగా చూసింది.

ఇక్కడ మా పనివిధానం కొంచెం చెప్పాలి. మా మిషన్ అరంగుళం టేపు మీద ఎనిమిది ట్రాక్‌లు రాస్తుంది. ట్రాక్ అంటే టేపు పొడవునా పక్కపక్కన సాగే ఒక్కో గీత అనుకోండి. ఒక్కో గీత మీద ఒక్కో వాద్యమో గొంతో విడిగా ఎక్కుతుంది. అదే గీత మీద మళ్ళీ రికార్డు చేస్తే పాతది చెరిగిపోతుంది. చివరికి అన్నీ కలిపి పాట చేస్తాం. ముందు వాద్యాలవాళ్ళకి దారి తెలియడం కోసం గాయకుడు మామూలుగా ఒకసారి అనేస్తాడు. దాన్ని పైలట్ అంటాం. ఆ తర్వాత తీరిగ్గా అసలు గొంతు తీసుకుని, అది ఖాయమయ్యాక పైలట్‌ను చెరిపేస్తాం.

టేపుకి రెండు అంచులుంటాయి. ఒకటో ట్రాక్, ఎనిమిదో ట్రాక్ ఆ అంచుల మీద పడతాయి. అంచు నలిగినా, దుమ్ము పట్టినా ముందు దెబ్బతినేవి అవే. అందుకని తెలిసిన రికార్డిస్ట్ ఎవడూ ముఖ్యమైన గొంతును అంచున పెట్టడు. నా మటుకు పైలట్ ఎప్పుడూ ఎనిమిదిమీదే. ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఏ ట్రాక్ మీద ఏముందో రాసే కాగితాన్ని ట్రాక్ షీట్ అంటారు. అది రాయని కుర్రాళ్ళను నేను తిట్టిన తిట్లు దబీర్‌పురా ప్లాట్‌ఫారం మీదికి కూడా వినిపించేవి.

ఆ క్యాసెట్లో ఆఖరి పాట 'పాల క్యాన్'. మల్లేశ్ వాళ్ళ నాన్న మీద రాసుకున్నది. పైలట్ తీసిన రోజు మర్ఫా వాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. ఎనిమిదో ట్రాక్ కూడా డప్పుకే ఇవ్వాల్సి వచ్చి, పైలట్ ఏడో ట్రాక్ మీద పడింది. మల్లేశ్ నేలమీద బాసింపట్టు వేసుకుని, క్యాన్ ఒళ్ళో పెట్టుకుని అన్నాడు. పాట చివరి రెండు లైన్లు ఇవి:

"బాపుకు సైకిల్, సైకిల్‌కు క్యాన్లు, దారిల ఒక నల్లా.
పాలెన్నో నీళ్ళెన్నో నా బాపు చెప్పడు ఖుల్లా."

ఖుల్లా అంటే తెరిచి, దాపరికం లేకుండా. గదిలో అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. పాలవాడి మీద అందరూ వేసే పాత జోకే అది, నర్సింలు విషయంలో నిజం కూడా కాదు. అయినా నవ్వొచ్చింది.

జూన్ మొదట్లో వానలు పడ్డాయి. నర్సింలుకి జ్వరమొస్తే మల్లేశ్ నాలుగు రోజులు సైకిల్ వెనక నడిచి సాయం చేశాడట. ఐదోరోజు స్టూడియోకి వచ్చి ఆఖరి లైను మార్చానన్నాడు. "సార్, గా లైను వద్దు. నేను ఊకె నవ్వుడానికి అన్న. జరంల గూడ బాపు ఏం జేస్తడో సూషిన," అని కొత్తది వినిపించాడు.

"వానల తాను తడుస్తడు గని క్యాన్ మూత ఉంచడు ఖుల్లా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉచ్చారణ సరిచేసే నా అలవాటు కూడా ఆ లైను దగ్గర నోరు తెరవలేదు.

అసలు గొంతు తీసిన రోజుకి మల్లేశ్‌కే జ్వరం తగిలింది. గొంతు బొంగురుపోయింది. వాయిదా వేద్దామంటే వినలేదు. అప్పటికి డప్పు ట్రాక్‌లను కలిపి కుదించడంతో ఒక్క ఎనిమిదోది ఖాళీ అయింది. పైలట్‌ను అసలుది ఖాయమయ్యేదాకా చెరపకూడదు, అది నియమం. రైలు రావడానికి పన్నెండు నిమిషాలుంది. సరే, ఇప్పటికి అంచునే తీసుకుని తర్వాత వేరేదానిమీదికి మారుద్దామని ఎనిమిది మీద తీశాను. మూడో టేకు. నా ఉద్యోగంలో అంత నిజమైన గొంతు నేను రెండుమూడుసార్ల కంటే ఎక్కువ వినలేదు. ఆఖరి లైను అయ్యాక మల్లేశ్ దగ్గాడు. చేతిరుమాలు ఎర్రబడింది.

సలీం, నేను అతన్ని ఆటోలో ఎక్కించుకుని చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. స్వరతంత్రి చిట్లింది, రెండు నెలలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుసలు కూడా పనికిరావు అన్నాడాయన. ఆ కంగారులో ట్రాక్ షీట్ మీద ఎనిమిది ఎదురుగా ఉన్న గడి ఖాళీగా ఉండిపోయింది.

రెండు రోజులయ్యాక ఛత్రినాక నుంచి బోనాల పాటలు పాడే నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. 'పాల క్యాన్' వెనక వాళ్ళ కోరస్ కావాలి. దానికి ట్రాక్ కావాలంటే పైలట్‌ను తీసెయ్యాలి. నా కళ్ళు ట్రాక్ షీట్ వైపు వెళ్ళలేదు. పైలట్ అంటే అంచు, అంచు అంటే ఎనిమిది. నా వేలు నేరుగా వెళ్ళి ఎనిమిదో ట్రాక్‌ను రికార్డు చేసే ఎర్రమీట నొక్కింది. ఒకే టేకులో బ్రహ్మాండంగా పాడారు. పాట పూర్తిగా అయిపోకముందే కోరస్ అయిపోతుంది కనుక కొంచెం ముందే ఆపేశాను. వాళ్ళకి చాయ్ ఇప్పించి పంపాను.

తర్వాత ఒక్కణ్ణే కూర్చుని వెనక్కి తిప్పి విన్నాను. మల్లేశ్ గొంతు వస్తోంది. బొంగురు లేదు, అంటే అది పాత పైలట్. చివరికొచ్చేసరికి "పాలెన్నో నీళ్ళెన్నో" అన్నది. ఆ వెంటనే, కోరస్ ఆపిన చోటు నుంచి, ఎనిమిదో ట్రాక్ మీద చెరగకుండా మిగిలిన ముక్క దానిమీదే పడింది: "క్యాన్ మూత ఉంచడు ఖుల్లా."

మొత్తం గొంతులో మిగిలింది ఆ నాలుగు మాటలే. అతికిద్దామంటే ముందు సగం లేదు. పాత లైనును మూసేసి చూశాను. 'నల్లా' అన్న దగ్గర పాట గుంతలో పడినట్టయింది. హమీద్ సాబ్ అప్పుడే లోపలికొచ్చి, ఆఖరు ఏమైంది, ఆ నీళ్ళ లైను మస్తుగా ఉంది కదా, అదే ఉంచండి అని వెళ్ళిపోయాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. మా కంపెనీలో ఒక నియమం ఉండేది. టేపు లోపం వల్ల టేకు పోతే అది ఎవరి తప్పూ కాదు, ఉన్నదానితో విడుదల చేసుకోవచ్చు. రికార్డిస్ట్ తప్పు వల్ల పోతే మాత్రం ఆర్టిస్టు కోలుకుని మళ్ళీ పాడేదాకా విడుదల ఆపాలి. ఆపమని అడిగే హక్కు ఆర్టిస్టుది. తప్పు రికార్డిస్ట్ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. బోనాల విడుదల ఆగిపోయి, కారణం దగ్గర నా పేరుంటే, యాభై రెండేళ్ళవాడికి తర్వాత జరిగేదేమిటో ఊహించుకోలేనంత అమాయకుణ్ని కాను.

మిగిలిన ఆ ముక్కను మూసేసి, పైలట్ గొంతుతోనే పాట పూర్తి చేశాను. విడుదలకు ముందు ఆర్టిస్టు విని సంతకం పెట్టే కాపీ ఒకటి ఉంటుంది. దానికి సలీం వచ్చాడు. చివరి లైను విని, "ఏంది సార్, పాత లైను వచ్చింది?" అన్నాడు.

టేపు అంచు దెబ్బతిన్నది, ఆ టేకు పోయింది అన్నాను. అంచు ట్రాక్‌కి అది మామూలే కనుక ఎవరైనా నమ్ముతారు. సలీం నమ్మడమే కాదు, నా ముఖం చూసి నన్నే ఓదార్చాడు. "టెన్షన్ నక్కో లేవ్ సార్. మల్లేశ్‌కు నేను చెప్త." మర్నాడు మల్లేశ్ సంతకం పెట్టిన కాగితం పంపాడు. కింద పెన్సిల్‌తో, 'టేపుకు ఎవరేం జేస్తరు సార్' అని రాసి ఉంది. ఆ కాగితం ఫైల్లో పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.

'నల్లా టైమ్' బోనాలకి పది రోజుల ముందు వచ్చింది. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల్లో, ఆటోల్లో, ఛత్రినాక మైకుల్లో అదే. అందరికీ ఎక్కువ పట్టుకున్నది 'పాల క్యాన్'. అందులోనూ ఆఖరి లైను. అమ్మవారి ఫలహారం బండి ఊరేగింపులో వందలమంది కుర్రాళ్ళు చేతులెత్తి "పాలెన్నో నీళ్ళెన్నో" అని అరుస్తుంటే, నేను మా మేడమీద నిలబడి విన్నాను. పక్కింటాయన మీ స్టూడియోదేనట కదా అని నా భుజం తట్టాడు.

ఆ పాట ఎవరిమీదో ఛత్రినాకలో తెలియనివాళ్ళు లేరు. నర్సింలు సైకిల్ గల్లీలోకి తిరగ్గానే ఎవడో ఒకడు మొదలుపెట్టేవాడు. ద్వేషంతో కాదు, సరదాకే. మొదటి వారం ఆయన కూడా నవ్వాడు. రెండో వారం నవ్వలేదు. మూడో వారం సైకిల్ హ్యాండిల్‌కి ఒక లాక్టోమీటర్ కట్టుకొచ్చాడు. పాల చిక్కదనం చూపించే గాజుబుడ్డి అది. ప్రతి ఇంటి ముందూ పాలు పోసేముందు దాన్ని గిన్నెలో తేలేసి, గీత చూపించి, అప్పుడు కొలిచేవాడు. ఎవరూ అడగలేదు. మా గడపలో కూడా అలాగే చేస్తే మా ఆవిడ నొచ్చుకుంది.

"ఇదేమిటి నర్సింలూ, మాకు కూడానా?"

"అందరికి ఒకటే అమ్మా," అన్నాడు. నావైపు చూడలేదు. చూసినా నేను పేపరు వెనకే ఉన్నాను.

నెలలు గడిచాయి. మల్లేశ్‌కి గొంతు తిరిగొచ్చింది గాని, పై స్థాయి పోయింది. మిగిలిన బొంగురు కూడా కొత్తగా ఉందని జనం మెచ్చుకున్నారు. సభల్లో 'పాల క్యాన్' అడక్కుండా వదిలేవాళ్ళు కాదు. ఆఖరి లైను దగ్గరికి వచ్చేసరికి అతను మైకు కిందికి దించేసేవాడు. జనమే అనేవాళ్ళు. అదొక స్టైల్ అని పేరొచ్చింది. తర్వాత్తర్వాత కాలేజీ కుర్రాళ్ళు, పత్రికలవాళ్ళు ఈ క్యాసెట్‌ను మన ర్యాప్‌కి మొదటి మెట్టు అనడం మొదలుపెట్టారు. సొంత తండ్రిని కూడా వదలని నిజాయితీ అని ఆ లైను మీద ఒకాయన పేజీ నిండా రాశాడు. అందులో నా పేరు కూడా ఉంది. మెరుగులు దిద్దకుండా పచ్చి టేకును ఎంచుకున్న ధైర్యశాలి అని. ఆ పేజీ మా ఆవిడ దాచింది. నేను మాత్రం ఎక్కడ ఫోన్ మోగినా ఉలిక్కిపడే స్థితిలో ఉన్నాను. మెప్పు పెరిగేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమవుతుందని నాకప్పటిదాకా తెలియదు.

2008లో రిటైరయ్యాను. 2009 వేసవిలో కొందరు కుర్రాళ్ళు 'నల్లా టైమ్'ను మళ్ళీ సీడీగా తెస్తామని, కంపెనీ దగ్గర అసలు టేపులు సంపాదించారు. ఆ మిషన్ నడపడం తెలిసినవాణ్ని ఊళ్ళో నేనొక్కణ్ణే మిగిలాను. ఎనిమిది ట్రాక్‌లనూ విడివిడిగా కంప్యూటర్లోకి ఎక్కించాలి. రానని చెబుదామనుకున్నాను. వెళ్ళకపోతే ఎక్కణ్ణుంచో ఇంకెవర్నో పిలిపించి ఎక్కిస్తారు, అప్పుడు నేను గదిలో కూడా ఉండను. వెళ్ళాను.

మల్లేశ్, సలీం ఇద్దరూ వచ్చారు. మల్లేశ్‌కి అప్పటికి సెల్‌ఫోన్ దుకాణం ఉంది. 'పాల క్యాన్' ఎనిమిదో ట్రాక్ వంతు వచ్చింది. కోరస్ మొదటి నుంచి చివరిదాకా గాజులా స్వచ్ఛంగా వచ్చింది. ఆగింది. చిన్న టక్కుమన్న చప్పుడు. తర్వాత ఏడేళ్ళనాటి గొంతు: "క్యాన్ మూత ఉంచడు ఖుల్లా." ఆ వెనకే ఒక దగ్గు.

కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఇదేంటి అని అడిగాడు. మల్లేశ్ మళ్ళీ వెయ్యమన్నాడు. మూడుసార్లు విన్నాడు. తర్వాత నావైపు తిరిగి, నెమ్మదిగా అడిగాడు. "సార్, టేపు అంచు మంచిగనే ఉంది గద?"

బాగానే ఉంది అన్నాను. చెరిపింది నేనేనని, ట్రాక్ షీట్ రాయలేదని, అలవాటులో తప్పు మీట నొక్కానని, నా ఉద్యోగం కోసం టేపు మీదికి నెట్టానని వరసగా చెప్పాను. విడుదల ఆపమని అడిగే హక్కు నీకుండేది, అది నీకు తెలియనివ్వలేదు అని కూడా చెప్పాను. సలీం తల పట్టుకుని బయటికెళ్ళిపోయాడు. మల్లేశ్ కోప్పడితే బాగుండుననిపించింది. కోప్పడలేదు.

"నాకు చెప్పిన్రు, సరే. నేను ఇంట్ల ఏమని చెప్పిన్నో ఎరుకేనా? టేపు కరాబైంది బాపూ, నేను లైను మార్చిన, గది పోయింది అని చెప్పిన. ఆయన ఒక్క మాట అనలే. ఇప్పుడు మీరే పోయి చెప్పున్రి."

మర్నాడు ఉదయం వెళ్ళాను. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ పది నిమిషాల నడక. పద్దెనిమిదేళ్ళు, ఆపైన ఇంకో ఆరేళ్ళు, ఆయన రోజూ సైకిల్‌తో వచ్చిన దారి అది. నేను వెళ్ళడం మొదటిసారి. బర్రెలు అమ్మేసి ఏడాదైంది. కొట్టం ఖాళీగా ఉంది. నర్సింలు మంచం మీద నుంచి లేచి, కుర్చీ తుడిచి వేశాడు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. మిగిలిన ముక్క, మొత్తం లైను, అది ఏ వానల తర్వాత రాశాడో, అన్నీ చెప్పాను.

ఆయన మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు.

"మావోడు టేపు కరాబైందన్నప్పుడే నేను అనుకున్న సార్. టేపు కరాబైతే పాట కరాబ్ గావాలె, మాట ఎట్ల మార్తది? వీడు అనేది అని, ఇప్పుడు నాకు భయపడి అబద్ధం జెప్తున్నడు అనుకున్న. లోకం నవ్వితే ఫికర్ లేకుండె. నా కొడుకు నన్ను గట్ల అనుకుంటుండని ఏడేండ్లు అనుకున్న. అడుగుదమంటే నోరు రాలే."

ఆ తర్వాత ఆయన లోపలికి చూసి కోడల్ని చాయ్ పెట్టమన్నాడు. తాగకుండా లేవడం ఇంకా పెద్ద తప్పవుతుందని తాగాను.

కొత్త సీడీలో పాటను జనానికి తెలిసినట్టే ఉంచాడు మల్లేశ్. అది ఇక నాది కాదు, గల్లీది అన్నాడు. పాట ముగిసి, కాసేపు ఏమీ లేకుండా ఊరుకున్న తర్వాత, ఆ నాలుగు మాటల ముక్కను విడిగా పెట్టాడు. దగ్గు తీసేద్దామా అని కుర్రాడు అడిగితే వద్దన్నాడు. సీడీ వచ్చాక విమర్శకులు దానికి కూడా అర్థాలు చెప్పారు. ఈసారి నన్ను అడిగిన ప్రతివాడికీ జరిగింది చెప్పాను. ఇద్దరు ముగ్గురు రాసుకున్నారు. మిగతావాళ్ళకి పచ్చి టేకు కథే బాగుంది కాబోలు, అదే వేశారు.

ఈ వ్యవహారం వల్ల నాకు తెలిసింది ఇంతే. టేకు చెరగడం మా వృత్తిలో ఎవరికైనా జరగొచ్చు. ట్రాక్ షీట్ రాయకపోవడం తప్పు, దానికి శిక్ష ఉంది, అది పడాల్సింది నాకు. టేపు మీదికి నెట్టిన అబద్ధం మాత్రం నా దగ్గర ఆగలేదు. దాన్ని నిజమనుకున్న మల్లేశ్ తన ఇంటికి తీసుకెళ్ళి తన నోటితో చెప్పాడు. నా ఉద్యోగం ఇంకో ఆరేళ్ళు నిలబడింది. ఆ ఆరేళ్ళూ, ఆపైన ఇంకో ఏడాదీ, తండ్రి దృష్టిలో ఆ అబద్ధం కొడుకుదే. పాటకి ఎంత పేరొచ్చినా ఆ లెక్క మారదు. సౌండు పని నేర్చుకునే పిల్లలు సలహా అడిగితే మైకుల గురించి ఏమీ చెప్పను. తప్పు జరిగితే, ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళకి, ఆ రోజే, మీ నోటితో చెప్పమంటాను. ఆలస్యం చేస్తే దాన్ని మీకు బదులు ఇంకెవరో మొయ్యాల్సి వస్తుంది, మోస్తున్నామని వాళ్ళకి తెలియను కూడా తెలియదు.